హీటరు చల్లబడింది, మోటారు మాడింది

మార్గశిరం చలి. చిలమత్తూరు దగ్గర మా చిన్నాయన మల్బరీ తోటలో పట్టుపురుగుల షెడ్డు. పురుగులు రెండో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచి ఆకు మీద పడిన రోజులవి. హిందూపురం చుట్టుపక్కల ఈ మిట్ట నేలంతా సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల పైన ఉంటుంది. తెల్లవారుజామున చలి ఎముకలకు పడుతుంది. లేత పురుగుకు 26 డిగ్రీలకు తగ్గని వెచ్చదనం కావాలి. అది లేకపోతే మేత మందగిస్తుంది, అన్నీ ఒకేసారి జ్వరం లేవవు. చివరికి గూడు కట్టే చంద్రికల మీదికి కొన్ని ఎక్కి కొన్ని ఎక్కక, పంట మొత్తం ఎగుడుదిగుడుగా తయారవుతుంది.

"హీటరు పోయిందిరా. రాత్రంతా పెట్టినా గది వెచ్చబడలే. ఈ పొద్దు హిందూపురం పోయి కొత్తది తేవల్ల," అన్నాడు చిన్నాయన. అప్పటికే చొక్కా తొడుక్కున్నాడు.

"ఒక్క పది నిమిషాలు ఆగు చిన్నాయనా," అన్నాను.

నా దగ్గర ఉన్నది చిన్న మల్టీమీటరు ఒక్కటే. హీటరు నడుస్తుండగానే పక్క ప్లగ్గులో కడ్డీలు పెట్టి చూశాను. 230 ఉండాల్సిన చోట 190 చూపించింది. కరెంటు ఎంత లాగుతోందో చూడటానికి టాంగ్ టెస్టర్ లేదు. కానీ షెడ్డు గోడకు కరెంటు మీటరు ఉంది కదా. దాని మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఆ దీపం పక్కనే ఒక అంకె అచ్చువేసి ఉంటుంది. ఆ మీటరు మీద ఉన్నది 3200. అంటే ఆ దీపం 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు. షెడ్డులో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపించి, హీటరు ఒక్కటే ఉంచి, చిన్నాయన చేతి గడియారం చూస్తుంటే నేను మిణుకులు లెక్కపెట్టాను. నిమిషానికి 55.

గంటకు 55 ఇంటు 60, అంటే 3300 మిణుకులు. దాన్ని 3200తో భాగిస్తే ఒక యూనిట్‌కు కొంచెం పైన. అంటే హీటరు ఆ నిమిషంలో సుమారు 1030 వాట్లు తింటోంది. దాని వీపు మీద రాసి ఉన్నది 1500 వాట్లు. చిన్నాయన "చూసినావా, చెడిపోయిందని చెప్తే విన్లేదు" అన్నట్టు నా వైపు చూశాడు.

ఇక్కడే ఆగిపోతే దుకాణానికి వెళ్ళాల్సిందే. ఇంకో రెండు మెట్లు వేద్దాం. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 1030ని 190తో భాగించాను, 5.4 వచ్చింది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. 190ని 5.4తో భాగిస్తే 35 ఓములు. ఇప్పుడు కొత్త హీటరుకు ఎంత నిరోధం ఉండాలో చూద్దాం. 1500 వాట్లను 230తో భాగిస్తే 6.5 ఆంపియర్లు, 230ని 6.5తో భాగిస్తే 35 ఓములే. కొత్తదానికీ అంతే, మన పాతదానికీ అంతే. హీటరులో ఏ లోపమూ లేదు. దానికి అందుతున్న వోల్టేజీయే చాలడం లేదు. హిందూపురం నుంచి ఎంత మంచి హీటరు తెచ్చినా, ఆ ప్లగ్గులో పెడితే ఈ వెయ్యి వాట్లే ఇస్తుంది. చిన్నాయన చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

ఈ అధ్యాయంలో నేను మీ చేత చేయించాలనుకుంటున్న పని ఇదే. ఇంట్లోనో పొలంలోనో ఏదైనా సరిగ్గా పనిచేయకపోతే తప్పు వస్తువుదా, దానికి అందే సరఫరాదా అని తేల్చుకోవడానికి రెండు కొలతలు చాలు. వోల్టులూ ఆంపియర్లూ తెలిస్తే, వాటిని గుణిస్తే వాట్లు, వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు. ఐదో తరగతి పిల్లలు చేసే గుణకారం, భాగహారం. దీనికోసం ఎవరి ముందూ చేతులు కట్టుకొని నిలబడనక్కర్లేదు.

కొలతలన్నీ అక్కడ ప్లగ్గు దగ్గర ఆ పూట జరుగుతున్న దాన్ని చెబుతాయి. వోల్టేజీ పొద్దుటికీ మాపటికీ మారుతుంది, దాంతోపాటు ఆంపియర్లూ వాట్లూ మారతాయి. నిరోధం మాత్రం హీటరు తీగ గుణం. తీగ ఎంత పొడవు, ఎంత లావు, ఏ లోహం అన్నదాన్ని బట్టి అది పుట్టుకతోనే నిర్ణయమైపోయింది. జర్మనీలో తాళాల పనివాడి ఇంట పుట్టి, కొలోన్ పట్టణంలో పిల్లలకు లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పిన గేయోర్గ్ ఓమ్ రకరకాల పొడవుల తీగలు తెచ్చి ఒక్కొక్కటే కొలిచి తేల్చిన సంగతి ఇదే. 1827లో పుస్తకం అచ్చువేస్తే సొంత దేశంలో పెద్దగా పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంగ్లండులో జేమ్స్ జౌల్ ప్రకటించిందీ ఆ ఏడాదే. ఈ వర్గం అన్న మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, మా చిన్నాయన మోటారును కాల్చింది అదే.

వోల్టేజీ తగ్గితే హీటరు వాట్లు ఎంత తగ్గాయో చూశారు కదా. 230 నుంచి 190కి దిగడమంటే ఆరో వంతు తగ్గడం. వేడి మాత్రం దాదాపు మూడో వంతు పడిపోయింది. ఎందుకంటే వోల్టేజీ తగ్గగానే ఆంపియర్లు కూడా తగ్గుతాయి, తగ్గిన రెండూ గుణించుకుంటాయి. అందుకే లో వోల్టేజీ రోజున ఇస్త్రీ పెట్టె ముడత తీయదు, గీజరు నీళ్ళు కాగవు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మీరు ఉత్సాహంగా పాత వంద వాట్ల ఫిలమెంటు బల్బు తీసి, చల్లగా ఉండగా దాని నిరోధం కొలిస్తే 40 ఓముల దగ్గర చూపిస్తుంది. దాన్నిబట్టి లెక్క కడితే బల్బు 1300 వాట్లు తినాలి. తినదు. వెలిగిన క్షణంలో ఆ సన్నటి టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాలి, దాని నిరోధం 530 ఓములకు ఎక్కి కూర్చుంటుంది. హీటరులో ఉండే నిక్రోమ్ తీగ అలా మారదు, వేడెక్కినా కొద్దిగానే పెరుగుతుంది. కాబట్టి నడుస్తున్నప్పటి వోల్టులు, నడుస్తున్నప్పటి ఆంపియర్లు తీసుకొని నిరోధం లెక్కకట్టడమే ఎప్పుడూ మంచిది.

ఇక నా తప్పు చెబుతాను.

ఆ పొద్దున హీటరు బాగానే ఉందని తేల్చినందుకు నాకు పొంగిపోయినంత పనైంది. వోల్టేజీ పెరిగేదాకా గది కిటికీలకు గోనెపట్టాలు కట్టి, పక్కింటి నుంచి చిన్న హీటరు ఒకటి అదనంగా తెచ్చి పెట్టాం. పురుగులు కోలుకున్నాయి. కానీ అదే ట్రాన్స్‌ఫార్మరు నుంచి, అదే తోటలో, ఐదు హార్స్‌పవర్ బోరు మోటారు కూడా నడుస్తోందని నేను తలుచుకోలేదు. షెడ్డు ప్లగ్గులో 190 అంటే, మూడు ఫేజుల మోటారుకు ఫేజుకూ ఫేజుకూ మధ్య 330. 190ని 1.73తో గుణిస్తే చాలు, అక్కడికక్కడే తెలిసేది. నేను గుణించలేదు. మూడో రోజు మధ్యాహ్నం మోటారు మూలిగి ఆగిపోయింది. బోరు బండిని పిలిపించి పైపు మీద పైపు పైకి లాగి, మోటారును వైండింగ్ షాపులో విప్పితే లోపల రాగి తీగ మీది పూత బొగ్గైపోయి ఉంది. వాసన ఇప్పటికీ గుర్తుంది.

"కరెంటు తక్కువొచ్చింది గదా, తక్కువొస్తే హీటరు మాదిరిగా ఇదీ చల్లగుండాల గానీ, కాలడమేందిరా?" అని అడిగాడు చిన్నాయన. చాలామంది అడగని ప్రశ్న అది. అతను అడిగాడు.

మన భాషలోనే చిక్కుంది. కరెంటు లేదంటాం, కరెంటు పోయిందంటాం, కరెంటు తక్కువగా వస్తోందంటాం. ఆ తక్కువైంది వోల్టేజీ. అదే సమయంలో మోటారు తీగలో పారుతున్న అసలు కరెంటు, అంటే ఆంపియర్లు, ఎక్కువైంది. ఒకే మాటతో రెండింటినీ పిలవడం వల్ల, తక్కువైందని మనం నింపాదిగా ఉన్నప్పుడే మోటారుకు ఎక్కువవుతోంది. డ్రిప్ వేసిన రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. పైపులో నీటి ఒత్తిడి వోల్టేజీ, పారే నీళ్ళు ఆంపియర్లు, డ్రిప్పరు రంధ్రం నిరోధం. ఒత్తిడి, పారకం రెండూ ఒకటి కావు.

హీటరు దానికి దొరికినంత తీసుకొని ఊరుకుంటుంది. మోటారు అలా కాదు. వెయ్యి అడుగుల లోతు నుంచి నీళ్ళు ఎత్తే పని దాని నెత్తిన ఉంది. వోల్టేజీ తగ్గితే కాస్త నెమ్మదిస్తుందేమో గానీ, పని దాదాపు అంతే ఉంటుంది. ఆ పనికి కావలసిన వాట్లను ఎలాగైనా లాగుతుంది. వోల్టులు తగ్గిన మేర ఆంపియర్లు పెంచుకుంటుంది.

మూడు ఫేజుల మోటారుకు లెక్క ఇది: వోల్టులు, ఆంపియర్లు, 1.73, పవర్ ఫ్యాక్టరు, ఈ నాలుగింటినీ గుణించాలి. పవర్ ఫ్యాక్టరు అంటే లాగిన కరెంటులో పనికి వచ్చే వంతు. మామూలు రోజుల్లో ఆ మోటారు 400 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు తీసుకునేది. పవర్ ఫ్యాక్టరు 0.8 అనుకుంటే 4980 వాట్లు. ఐదు హార్స్‌పవర్ అంటే 3730 వాట్లే కదా, మిగతా 1250 ఎక్కడికి పోయాయంటారా? మోటారులోనూ కేబుల్లోనూ వేడిగా, రాపిడిగా పోయాయి. 330 వోల్టుల రోజున అదే 4980 వాట్లు లాగాలంటే 10.9 ఆంపియర్లు కావాలి. తొమ్మిది నుంచి పదకొండుకు పెరిగితే ఏముందిలే అనిపిస్తుంది. ఇప్పుడు జౌల్ వర్గం తెండి. 10.9ని 9తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 1.47. వైండింగ్ తీగలో పుట్టే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు. మూడు రోజులు అలా ఉడికింది.

దాన్ని ఆపాల్సింది స్టార్టరు డబ్బాలోని ఓవర్‌లోడ్ రిలే. అది మధ్యమధ్య ట్రిప్ అవుతోందని చిన్నాయన ఎప్పుడో స్క్రూడ్రైవరుతో ముల్లును 14 మీదికి తిప్పి ఉంచాడు. మా వైపు చాలా తోటల్లో ఇదే పని. నీళ్ళు పారే గంటలు లెక్కగా వస్తాయి, మోటారు మాటిమాటికీ ఆగితే మడి తడవదు, ఆ తొందరలో ఎవరైనా తిప్పుతారు. కానీ ఆ ముల్లు మోటారు పట్టీ మీద రాసిన పూర్తి లోడు ఆంపియర్ల మీదే ఉండాలి. రిలే ట్రిప్ అయిందంటే మోటారు గోడు వెళ్ళబోసుకుంటోందని అర్థం.

ఇక్కడ ఓమ్ సూత్రాన్ని గుడ్డిగా వాడితే దెబ్బతింటారు. మోటారు ఆపి, మెయిన్ తీసి, వైండింగ్ రెండు కొనల మధ్య కొలిస్తే రెండు మూడు ఓములు చూపిస్తుంది. 400ని మూడుతో భాగిస్తే 133 ఆంపియర్లు. తొమ్మిదికీ 133కీ పొంతనే లేదు. తిరుగుతున్న మోటారు తనలో తానే ఎదురు వోల్టేజీ పుట్టించుకుంటుంది, తీగ చుట్టల గుణం కూడా కరెంటును అడ్డుకుంటుంది. అందువల్ల తక్కువ లాగుతుంది. మోటారు కదలక ఇరుక్కుపోతే, లేక స్టార్టయ్యే మొదటి క్షణాల్లో, ఆ ఎదురు వోల్టేజీ ఉండదు కాబట్టి ఐదారు రెట్లు లాగేస్తుంది. మరి ఆ ఓముల కొలత దేనికి? మూడు జంటల మధ్యా సమానంగా ఉందో లేదో చూసుకోవడానికి. మూడూ ఒకేలా ఉంటే తీగ తెగలేదని, పెద్దగా కలిసిపోలేదని అర్థం. ఏదైనా జంట మిగతావాటికంటే తగ్గిందంటే తీగలు కలిసిపోయాయి, ఏదైనా జంట అసలు చూపించకపోతే ఎక్కడో తీగ తెగిపోయింది. మోటారును పైకి ఎత్తకముందే, గట్టు మీద కూర్చుని తెలుసుకోగలిగిన సంగతి ఇది.

మోటారు మళ్ళీ దించేటప్పుడు చిన్నాయన కేబుల్ గురించి అడిగాడు. పాతది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. రాగి తీగకు ఒక లెక్క నోటికి పెట్టుకోండి: ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న తీగ కిలోమీటరు పొడవుకు సుమారు 18 ఓములు. మందం ఎంత పెరిగితే అంతతో భాగించాలి. 2.5 అయితే కిలోమీటరుకు 7.2. మా బోరులో మోటారు వెయ్యి అడుగుల దగ్గర ఉంది, అంటే సుమారు 300 మీటర్లు, ఒక్కో తీగకు 2.16 ఓములు. దానిలో 9 ఆంపియర్లు పారితే ఒక్కో తీగలో 19 వోల్టులు, ఫేజుల మధ్య చూస్తే దాదాపు 34 వోల్టులు దారిలోనే పోతాయి. వాట్లలో చెప్పాలంటే 9 ఇంటు 9 ఇంటు 2.16, మూడు తీగలకు కలిపి 525. అంటే బోరు గుంతలో ఒక ఇస్త్రీ పెట్టెను రోజంతా పెట్టి ఉంచినట్టు. పైన స్టార్టరు దగ్గర 330 కనిపించిన రోజున కింద మోటారుకు 300 కూడా అందలేదన్నమాట. 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే 34 బదులు 21 వోల్టులే పోతాయి. కేబుల్ ఖరీదు ఎక్కువే. ఆ తేడానూ, మోటారు ఒకసారి ఎత్తి దించి వైండింగ్ చేయించిన ఖర్చునూ పక్కపక్కన రాసి చూపించాను. చిన్నాయన లావు కేబులే కొన్నాడు.

కానీ పొరుగు తోటల సంగతి చూడకుండా లో వోల్టేజీ లెక్క పూర్తికాదు. తోటల గట్ల మీద స్తంభాలకెక్కి ఉండే ట్రాన్స్‌ఫార్మర్లు 11,000 వోల్టులను 433కు దించుతాయి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు పై వైపు 5.25 ఆంపియర్లు తీసుకుంటే కింది వైపు 133 ఆంపియర్లు ఇస్తుంది. మోటారుకు తొమ్మిది లెక్కన పద్నాలుగు మోటార్లకు సరిపోతుంది. మా ట్రాన్స్‌ఫార్మరు మీద మోటార్లు అంతకంటే ఎక్కువ. పైగా అందరికీ ఆటో స్టార్టర్లు. త్రీఫేజు వచ్చిన క్షణాన అన్నీ ఒకేసారి లేస్తాయి, ఒక్కొక్కటీ ఐదారు రెట్లు లాగుతూ. 133 ఇవ్వగల ట్రాన్స్‌ఫార్మరును ఆ కొన్ని సెకన్లు ఏడెనిమిది వందలు అడుగుతున్నాం. వోల్టేజీ కూలబడుతుంది, కూలబడితే మోటార్లు తొందరగా అందుకోలేవు, అందుకోలేక ఇంకాసేపు ఎక్కువ లాగుతాయి.

దీనికి రెండు పనులు చేయొచ్చు. ఆటో స్టార్టర్లలో ఆలస్యపు టైమర్లు పెట్టుకొని, ఒకరి తరవాత ఒకరు స్టార్టయ్యేలా తోటలవాళ్ళు మాట్లాడుకోవడం మొదటిది. మోటారుకు సరైన కెపాసిటరు బిగించడం రెండోది. ఐదు హార్స్‌పవర్ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు పెడితే పవర్ ఫ్యాక్టరు 0.8 నుంచి 0.95 దగ్గరికి వస్తుంది. పాత సూత్రంలో 0.8 బదులు 0.95 పెట్టి చూడండి, లైను నుంచి లాగేది 9 కాదు, 7.6 ఆంపియర్లే. పద్నాలుగు మంది పెట్టుకున్నా దాదాపు ఇరవై ఆంపియర్ల భారం దిగుతుంది. మూడో ఫేజు లేనప్పుడు రెండు ఫేజుల మీద మోటారును తిప్పడానికి కొందరు వాడే కెపాసిటరు వేరు. దాని జోలికి పోవద్దు. మోటారూ కాలుతుంది, ట్రాన్స్‌ఫార్మరూ కాలుతుంది.

ట్రాక్టరుకూ ఇదే లెక్క. బ్యాటరీ 12 వోల్టులే గానీ, సెల్ఫ్ కొట్టినప్పుడు రెండువందల ఆంపియర్లు పారతాయి. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడి వల్ల అక్కడ ఓములో యాభయ్యో వంతు నిరోధం వచ్చినా, 200 ఇంటు 0.02, నాలుగు వోల్టులు అక్కడే పోతాయి. ఎనిమిది మిగులుతాయి, ఇంజను టక్‌మని ఆగుతుంది. కొత్త బ్యాటరీ కొనేముందు వేడినీళ్ళు, ఉప్పు కాగితం చాలునేమో చూసుకోండి.

ఇవన్నీ కొలిచే చేతికి కూడా నిరోధం ఉంటుంది. పొడి చర్మానికి అది వేల ఓములు ఉంటుంది. చెమటతోనో తడి మట్టిలో ఒట్టి కాళ్ళతోనో ఉంటే వెయ్యికి పడిపోతుంది. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్లు. గుండె ఆగడానికి దానిలో సగం కూడా అక్కర్లేదు. షాకు నుంచి కాపాడటానికి ఇంట్లో పెట్టే ఆర్‌సీసీబీ 0.03 దగ్గరే కట్ చేసేది అందుకే. కాబట్టి ఓములు కొలిచేటప్పుడు మెయిన్ తీసేయండి, కెపాసిటరు ఉంటే అది ఖాళీ అయిందని తేల్చుకోండి. వోల్టులు కొలిచేటప్పుడు కాలికి చెప్పు, చేయి పొడిగా ఉండాలి. ఆంపియర్లకు తీగ విప్పకుండా, చుట్టూ పట్టుకుంటే సరిపోయే టాంగ్ టెస్టర్ వాడండి. స్తంభం మీది ఫ్యూజు జోలికి మాత్రం మీరు వెళ్ళకండి, లైన్‌మన్‌ను పిలవండి.

చిన్నాయన ఇప్పుడు ఒక టాంగ్ టెస్టర్ కొనుక్కున్నాడు. స్టార్టరు డబ్బా తలుపు లోపల ఎర్ర పెయింటుతో రెండు వరుసలు రాసుకున్నాడు: 400కి 9, 370కి 9.7. దాని కింద ఒక గీత, గీత కింద "350కి తగ్గితే ఆపాల". రిలే ముల్లు 14 నుంచి కిందికి దిగింది. ఇదివరకు ఫోన్ చేస్తే "కరెంటు సరిగ్గా రాలేదురా" అనేవాడు. మొన్న పుష్యమాసంలో పొద్దున్నే ఫోన్ మోగింది.

"మూడు నలభై ఉండాది. పదిన్నర లాగుతాంది. ఆపేసినా," అన్నాడు.